మూడో పిన్ను

చండూరులో మాది వైండింగు షాపు.
ఎండకాలం వస్తే చాలు
కాలిన బోరు మోటార్లు
దవాఖాన వరండాల రోగుల్లెక్క
రోడ్డు దాకా పండుకుంటయ్.
నాయిన ఒక్కొక్కదాని కడుపు ఇప్పి
మాడిన రాగి పేగులు గుంజి
తూకానికని పక్కన పెడుతడు.
ఆ కమురు వాసనలనే నేను పదో తరగతి చదివిన.

గిటారు మాత్రం నల్లగొండకెల్లి వచ్చింది.
సెకండ్ హ్యాండు. ఎర్రది. కింద మూలకు పెచ్చు లేసింది.
పన్నెండు వేలల్ల సగం చర్చి యువజనులది,
సగం మా అవ్వ చీటీ ఎత్తి తెచ్చింది.
రేకుల చర్చిల దాన్ని స్టూలేసి కూసోబెట్టినం,
కొత్త పాస్టరు వచ్చినట్టు.

మిరుగుకు ముంగట, శనారం సాయంత్రం.
గాలిదుమారం. కనగల్ రోడ్డు మీద
ఏదో స్తంభం కాడ న్యూట్రల్ తెగింది.
ఒక్క గడియ బుగ్గలన్నీ పెండ్లిల్లు లెక్క వెలిగినయ్,
ఫ్యాన్లు ఉరికినయ్,
యాంపు గుర్రుమని, పొగ దగ్గి, ఆగింది.
కరెంటు మాత్రం ఆగలే.
తీగెల మీద వేళ్లు అట్లనే ఉంచి
మైకన్న పనిచేస్తుందా అని మూతి ఆనిచ్చిన.

పెదవి మీద నీలం తేలు.

పడ్డ. లేచిన. మూతి మొద్దుబారింది.
అయినా నోట్లకెల్లి వచ్చిన మొదటి మాట
"గిటారుకేమన్న అయిందా?"

కీబోర్డు ఆరోను, లోపల చిప్పు ఉంటది, పోయినట్టే అన్నడు.
లైన్‌మెన్ సైదులు, తీగెలు మెత్తబడ్తయ్ కావొచ్చు అన్నడు,
ఆయనకెట్ల తెలుసో అడగలే.
పాస్టరమ్మ ప్రార్థన చేద్దామన్నది.
నేను దాన్ని తువ్వాలల చుట్టుకొని
షాపుకు ఉరికిన.

నాయిన మోటార్లను పక్కకు జరిపి
బల్ల మీద దాన్ని ఎల్లెల్కల పండబెట్టిండు.
పదకొండు స్క్రూలు. తెల్ల మూత లేపి
చానసేపు మాట్లాడలే.
"ఓసి, గిది గూడ వైండింగేనే!"
వెంట్రుక కన్న సన్నని రాగి,
ఏడెనిమిది వేల చుట్లు.
"ఎవరు చుట్టిండ్రో, వాళ్ల కండ్లకు దండం."
మీటరు ముల్లు ఆనిచ్చిండు.
ఏడువేల ఆరునూర్ల ఓములు.
తెగలే. మాడలే.

"దీనికేం గాదు బిడ్డా.
మోటారు కరెంటు తింటది. ఇది తినదు,
నువ్వు తీగె మీటితే తనే కంటది,
చీమ తుమ్మినంత.
పోతే యాంపు పోతది. ఫ్యూజు పోతది.
లేకుంటే దీన్ని పట్టుకున్న మనిషి."

అనుకుంటనే యాంపు వైరు చేతులకు తీసుకున్నడు.
ప్లగ్గు చూసిండు.
మూడు పిన్నులుండాల్సిన కాడ రెండే ఉన్నయ్.

చర్చి బోర్డుకు రెండే బొక్కలు.
క్రిస్మస్ ముంగట, ప్రోగ్రాం ఆల్సెమైతదని,
ఈ షాపులనే, ఈ బల్ల మీదనే,
నాయిన కటింగ్ ప్లయరుతోటి
మూడోదాన్ని నేనే కత్తిరించిన.
అవతల మైకు మిషినుకు భూమి ఉంది.
ఇవతల నా యాంపుకు లేదు.
నడుమ తొవ్వ నేనైన.

నాయిన ఏం అడగలే.
ప్లగ్గు కోసి అంగి జేబులేసుకున్నడు.
రాత్రి అన్నం తినేటప్పుడు
జేబుల అది ఉబ్బి కనబడుతనే ఉంది.
నేను పప్పు మీదికెల్లి తల లేపలే.

తెల్లారి చర్చి ఎనక ఎర్తు గుంతల
ఇద్దరం రెండు బిందెల నీళ్లు పోసినం.
ఉప్పు, బొగ్గు, ఎండిన మట్టి
బుసబుసమని తాగినయ్.
మూడు బొక్కల బోర్డు బిగిచ్చిండు.
యాంపు బాగయ్యేతందుకు నెల పట్టింది.
గిటారు ఆ పొద్దే మోగింది,
వట్టిగ, మెల్లగ, నా ఒళ్లెకు మాత్రం వినబడేటట్టు.

ఇప్పటికీ నేను వాయించే ముంగట
జకరయ్య మేస్త్రి గ్రీజు చేతులు తుడుసుకొని వస్తడు.
అరచెయ్యి పెట్టడు.
వేళ్ల ఎనక దిక్కు
ఆరు తీగెలకు ఆనిస్తడు,
జరమొచ్చిన పిల్ల నొసలు చూసినట్టు.
"సల్లగనే ఉంది" అంటడు.
అప్పుడు నా చేతికిస్తడు.